సర్వీసు నాది, ఇంటిపేరు ఎవరిది?

(స్త్రీల పింఛను, ఆస్తి హక్కుల మీద జరిగిన కార్యకర్తల సమావేశంలో సైనిక నర్సింగ్ సర్వీసు నుంచి రిటైరైన ఒక అధికారి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాదు. సైనిక ఆసుపత్రుల్లో 28 ఏళ్ళు నర్సుగా పనిచేశాను. 1988లో లెఫ్టినెంటుగా చేరాను. 2016లో లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో బయటికి వచ్చాను. ఆ 28 ఏళ్ళలో చివరి 20 ఏళ్ళూ నేను అడగని ఇంటిపేరు మీద నా సర్వీసు నమోదైంది. దాన్ని సరిచేయించుకోవటానికి రిటైరయ్యాక చాలా ఏళ్ళు తిరిగాను. ఆ తిరుగుడులో నేను తెలుసుకున్నది మీకు ఉపయోగపడుతుందని నన్ను పిలిచారు. ఇది నా ఒక్కదాని గొడవ అయితే ఇంతమంది సమయం తీసుకునేదాన్ని కాదు. మాజీ సైనికుల భార్యలు, వితంతువులు మీ దగ్గరికి తెచ్చే కాగితాల్లో సగం చిక్కులు పేరు దగ్గరే మొదలవుతాయి. మీలో చాలామందికి అది అనుభవమే.

ముందుగా ఒక మాట. రెండు కుటుంబాల్లోనూ పిల్లలున్నారు కాబట్టి ఆ రెండు ఇంటిపేర్లూ ఇక్కడ చెప్పటం లేదు. పుట్టింటి పేరు, అత్తింటి పేరు అంటాను. ఏ ఆఫీసు, ఏ అధికారి అన్నది కూడా చెప్పను. ఎందుకంటే అక్కడ ఒక మనిషి దుర్మార్గం కన్నా పద్ధతిలో వున్న దుర్మార్గమే ఎక్కువ.

మనకి ఇంటిపేరు ముందు వుంటుంది. చాలాసార్లు పూర్తిగా కూడా వుండదు, ఒక్క అక్షరంగా వుంటుంది. కె. లక్ష్మి అనుకోండి. పదో తరగతి సర్టిఫికెట్లో కె. లక్ష్మి. పెళ్ళయ్యాక రేషను కార్డులో ఆ 'కె' కాస్తా 'పి' అవుతుంది. ఎవరు మార్చారు అంటే ఎవరూ చెప్పలేరు. పెళ్ళి పీటల మీద గోత్రం మారినట్టే ఆ అక్షరమూ మారిపోతుంది. ఊళ్ళో దీనివల్ల ఇబ్బంది రాదు. లక్ష్మి ఎవరో అందరికీ తెలుసు. ఫలానావారి కోడలు, ఫలానావారి కూతురు.

సైన్యంలో లక్ష్మి ఎవరో ఎవరికీ తెలియదు. అక్కడ మనిషి అంటే కాగితం. ఆ కాగితం ఉత్తరాది పేర్లకు తగ్గట్టు తయారైంది. మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గళ్ళు వుంటాయి. పొడి అక్షరాలు ఒప్పుకోరు, విప్పి రాయమంటారు. విప్పేటప్పుడు గుమాస్తా ఇంటిపేరును చివరికి తోస్తాడు. లేదా లక్ష్మినే ఇంటిపేరు చేసేస్తాడు. ఇంగ్లీషు స్పెల్లింగు సంగతి సరే సరి. ఒకే లక్ష్మిని మూడు రకాలుగా రాయవచ్చు. మన మగ సైనికులకు కూడా ఈ బాధ వుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. అలాంటి ఊళ్ళో ఏ పాత సైనికుణ్ణి అడిగినా తన పేరు డిశ్చార్జి పుస్తకంలో ఒక రకంగా, పొలం పాసు పుస్తకంలో ఒక రకంగా వుందని చెప్తాడు. అయితే మగవాడి పేరు ఒక్కసారే, చేరేటప్పుడే తప్పుగా పడుతుంది. ఆడదాని పేరు చేరేటప్పుడు ఒకసారి, పెళ్ళికి ఒకసారి, విడాకులకో వైధవ్యానికో ఇంకోసారి మారుతుంది. మార్చేది ఆవిడ కాదు, ఆవిడ చుట్టూ వున్న మగవాళ్ళ స్థితి.

సైన్యం దృష్టిలో స్త్రీ పెళ్ళి ఎంత పెద్ద సంగతో చెప్పాలంటే మా సర్వీసు చరిత్ర కొంచెం చెప్పాలి. 1888లో మొదటి నర్సులు బొంబాయిలో దిగారు. 1926లో భారత సైనిక నర్సింగ్ సర్వీసు శాశ్వతంగా ఏర్పడింది. భారత సైన్యంలో ఆడవాళ్ళు మొట్టమొదట అడుగుపెట్టిన దారి అదే. వైద్య విభాగాలు కాక మిగతా విభాగాల్లో స్త్రీలను అధికారులుగా తీసుకోవటం 1992లో గాని మొదలుకాలేదు. అంటే వంద ఏళ్ళకు పైగా నర్సులున్నారు. అయినా మా ఉద్యోగ నిబంధనల్లో ఏముండేదో తెలుసా? 1977 నాటి 61వ నంబరు ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్ అని ఒకటి వుండేది. నర్సింగ్ అధికారి ఉద్యోగం ఏ కారణాలతో రద్దవుతుందో అందులో రాశారు. మెడికల్ బోర్డు పనికిరాదని తేల్చినప్పుడు. పెళ్ళి చేసుకున్నప్పుడు. దుష్ప్రవర్తనకు పాల్పడినప్పుడు. జబ్బుకీ, దుష్ప్రవర్తనకీ మధ్యలో పెళ్ళిని పెట్టారు.

ఈ నిబంధన కింద 1988లో లెఫ్టినెంట్ సెలీనా జాన్ అనే నర్సింగ్ అధికారిని పెళ్ళి చేసుకున్నందుకు ఉద్యోగం నుంచి పంపించేశారు. ఆమె చేసుకున్నది ఒక సైనికాధికారినే. ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు. నిబంధనను 1995 ఆగస్టులో ఉపసంహరించారు గాని ఆమె పోగొట్టుకున్నది పోయింది. సాయుధ దళాల ట్రిబ్యునల్ లక్నో బెంచి 2016లో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వం దాని మీద అప్పీలుకు వెళ్ళింది. చివరికి 2024 ఫిబ్రవరి 14న సుప్రీం కోర్టు, ఇది పచ్చి లింగ వివక్ష అని తేల్చి, 60 లక్షల రూపాయలు పరిహారంగా ఇమ్మంది. పెళ్ళయిన 36 ఏళ్ళకు.

నేను చేరింది సరిగ్గా ఆ 1988లోనే. కాబట్టి పెళ్ళిని వాయిదా వేస్తూ వచ్చాను. నాలాంటివాళ్ళు మా మెస్సులో ఎంతోమంది. కొందరు ఉద్యోగం వదిలి పెళ్ళి చేసుకున్నారు, కొందరు పెళ్ళి వదిలి ఉద్యోగం చేశారు. నిబంధన పోయాక 1996లో నేను పెళ్ళి చేసుకున్నాను. నియమం ప్రకారం ఆ విషయం యూనిట్‌కి తెలియజేశాను. తేదీ, స్థలం, భర్త పేరు, ఆయన ఉద్యోగం రాసిచ్చాను. నా పేరు మార్చమని ఎక్కడా రాయలేదు. కొన్ని నెలలకు జీతం చీటీ మీద నా పేరు చివర అత్తింటి పేరు వచ్చింది. అడిగితే, "పెళ్ళయింది కదా మేడమ్, అలాగే వస్తుంది" అన్నారు. సరిచేయమని రాసిచ్చాను. జవాబు రాలేదు. ఇంతలో బదిలీ వచ్చింది. తర్వాత ఇంకో బదిలీ. ప్రతి కొత్త చోటికీ నాకంటే ముందు నా ఫైలు చేరేది. ఫైలులో వున్న పేరే తలుపు మీద బోర్డు అయ్యేది.

పెళ్ళి అప్పటివరకూ నా ఉద్యోగం తీసేయగలిగింది. ఆ శక్తి పోయాక పేరు తీసేసుకుంది. నాకు అలా అనిపిస్తుంది.

2009లో మేము విడిపోయాం. ఆ వివరాలు ఈ సభకు అవసరం లేదు. ఇంటిపేరు సరిచేయమని మళ్ళీ రాశాను. రిటైరయ్యేదాకా అది నలుగుతూనే వుంది. 2016లో పింఛను ఉత్తర్వు, అంటే పీపీవో, అత్తింటి పేరుతోనే వచ్చింది. నా పదో తరగతి సర్టిఫికెట్టు, నర్సింగ్ పట్టా, కమిషన్ పత్రం, ఆధార్, పాన్ కార్డు పుట్టింటి పేరుతో వున్నాయి. నా ఇరవై ఏళ్ళ సర్వీసు, పింఛను, వైద్య సదుపాయం కార్డు అత్తింటి పేరుతో వున్నాయి.

కొన్నాళ్ళు బ్యాంకువాళ్ళు నన్ను ఎరుగుదురు కాబట్టి నడిచింది. తర్వాత పింఛన్లు కంప్యూటర్ వ్యవస్థలోకి మారాయి. ఏటా బతికున్నామని రుజువు చేసుకోవటం ఆధార్‌తో ముడిపడింది. కంప్యూటరుకు మొహమాటం లేదు. రెండు పేర్లు కలవకపోతే ఆపేస్తుంది. నాలుగు నెలలు నాకు పింఛను రాలేదు. రిటైరయ్యాక ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పటానికి వెళ్తే, అనుభవ పత్రంలో వున్న ఆవిడా మీరూ ఒకరేనా అన్నారు. ఇరవై ఏళ్ళు నేను కట్టిన కట్లు, రాత్రి డ్యూటీలు, ఫీల్డ్ ఆసుపత్రిలో గడిపిన చలికాలాలు ఇవన్నీ ఇంకెవరో చేసినట్టయింది.

ఇప్పుడు ఆఫీసు వాదన వినండి. మీ పేరు మార్చుకోవాలంటే గెజిట్‌లో వేయించండి అన్నారు. నేను మార్చమనటం లేదు, సరిచేయమంటున్నాను అన్నాను. ఈ రెండు మాటలకూ వున్న తేడా మీరు జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలి. గెజిట్ నాలుగో భాగంలో ప్రకటన ఇస్తే ఏమవుతుంది? ఫలానా అత్తింటి పేరు గల నేను ఇవాళ్టి నుంచి ఫలానా పుట్టింటి పేరుతో పిలవబడతాను అని నా చేత నేనే చెప్పించినట్టు. అంటే ఇన్నాళ్ళూ ఆ పేరు నాదేనని ఒప్పుకున్నట్టు. అప్పుడు 1988లో కమిషన్ తీసుకున్న మనిషి ఒకరు, 1996 నుంచి పనిచేసిన మనిషి ఒకరు, గెజిట్ తర్వాత పింఛను తీసుకునే మనిషి ఒకరు. కాగితం మీద మేము ముగ్గురం అవుతాం.

విడాకుల డిక్రీ తెమ్మన్నారు. తెచ్చాను. డిక్రీలో నా పేరు అత్తింటి పేరుతోనే వుంది, ఎందుకంటే కోర్టుకు సమర్పించిన నా ఉద్యోగ పత్రాల్లో అలాగే వుంది. "ఇందులో పుట్టింటి పేరు లేదు కదా, ఈ డిక్రీ మీదేనని ఏమిటి రుజువు?" అన్నారు. అయితే మాజీ భర్త నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం తెమ్మన్నారు. నేను 28 ఏళ్ళు సైన్యంలో చేసినదాన్ని, నా పేరు నేను పెట్టుకోవటానికి ఒక మగవాడి సంతకం తేలేను అని రాసిచ్చాను.

చివరికి పని జరిగింది సమాచార హక్కు చట్టం వల్ల. 2005 చట్టం కింద నా సర్వీసు రికార్డులో ఇంటిపేరు మారిన నమోదు నకలు, దానికి ఆధారమైన నా దరఖాస్తు నకలు ఇమ్మని అడిగాను. మొదట జవాబు రాలేదు. 30 రోజులు దాటాక మొదటి అప్పీలు వేశాను. 1996 నాటి పార్ట్ టూ ఆర్డరు నకలు వచ్చింది. మీలో కొత్తవాళ్ళ కోసం చెప్తాను. సైన్యంలో మనిషి జీవితంలో ఏ మార్పు వచ్చినా, పెళ్ళి, బిడ్డ, మరణం, యూనిట్ ప్రచురించే ఉత్తర్వు అది. దాని ఆధారంగానే పై రికార్డు మారుతుంది. అందులో నా పెళ్ళి వివరాలున్నాయి. కింద మారిన పేరు అని అత్తింటి పేరు రాసి వుంది. దానికి ఆధారంగా నా దరఖాస్తు ఏదీ ఫైలులో లేదని వాళ్ళే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. నా సంతకం లేని మార్పు. అది తప్పు నమోదే గాని పేరు మార్పు కాదు. ఆ ఒక్క వాక్యం నా కేసుకు ప్రాణం. దాన్ని పట్టుకుని రాస్తే 2024లో పీపీవోకు సవరణ ఉత్తర్వు వచ్చింది. పింఛను బకాయిలు వచ్చాయి. సర్వీసు రికార్డులో పాత నమోదు పక్కన సవరణ పడింది. పతకాల జాబితాలో మాత్రం ఇంకా పాత పేరే వుంది. దానికోసం ఇప్పటికీ రాస్తున్నాను.

మిత్రులు కొందరు నన్నొక ప్రశ్న అడుగుతారు. పుట్టింటి పేరు మాత్రం మీదా, అది మీ నాన్నది కాదా, ఒక మగవాడి పేరు వదిలి ఇంకో మగవాడి పేరు కోసం ఇంత పోరాటమా అని. ఇది మంచి ప్రశ్న. పితృస్వామ్యం మనకి రెండు పేర్లే పెట్టి ఇందులో ఒకటి ఎంచుకోమంటుంది. అది నిజమే. అయినా నేను చదువుకున్నది, పరీక్ష రాసింది, ప్రమాణం చేసింది ఒక పేరుతో. ఆ పేరును నేను వాడి నాది చేసుకున్నాను. రేపు ఒక దళిత స్త్రీ, ఇంటిపేరు చెప్పగానే కులం లెక్కగట్టే ఈ సమాజంలో నాకు ఏ ఇంటిపేరూ వద్దు అనవచ్చు. ఇంకొకామె ఇష్టపడే భర్త ఇంటిపేరు పెట్టుకోవచ్చు. ఏ పేరు గొప్పదన్నది నా వాదన కాదు. రికార్డులో పేరు రాసే కలం ఎవరి చేతిలో వుండాలన్నదే నా వాదన.

చట్టం ఏమంటుందో చూద్దాం. పెళ్ళయిన స్త్రీ భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. 1955 హిందూ వివాహ చట్టంలో ఆ ఊసే లేదు. సీబీఎస్ఈ సర్టిఫికెట్లలో పేరు సవరణ గురించిన జిజ్ఞా యాదవ్ కేసులో 2021 జూన్‌లో సుప్రీం కోర్టు, పేరు మనిషి వ్యక్తిత్వంలో భాగమని, దాని మీద అదుపు రాజ్యాంగంలోని 19, 21 అధికరణాల కిందికి వస్తుందని చెప్పింది. మన తెలుగు నేల నుంచే వెళ్ళిన ఆకెళ్ళ లలిత కేసు మీకు తెలిసే వుంటుంది. మొదటి భర్త చనిపోయాక ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది. బిడ్డ ఇంటిపేరు గురించి అత్తింటివాళ్ళతో వివాదం. రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగా చూపించాలని హైకోర్టు అన్నది. 2022 జూలై 28న సుప్రీం కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసి, తండ్రి లేని బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టాలో నిర్ణయించే హక్కు తల్లిదేనని చెప్పింది. తల్లి తన బిడ్డ ఇంటిపేరు నిర్ణయించగలిగినప్పుడు తన ఇంటిపేరు తాను నిర్ణయించుకోలేదా?

కేంద్ర ప్రభుత్వపు సివిల్ ఉద్యోగినుల విషయంలో 1987 మార్చిలోనే సిబ్బంది శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పెళ్ళి వల్ల పేరు మార్చుకున్నా, విడాకులో వైధవ్యమో వచ్చాక పుట్టింటి పేరుకు తిరిగి వెళ్ళదలచినా, ఆ సంగతి నియామకాధికారికి రాతపూర్వకంగా తెలియజేసి అడిగితే చాలునన్నది. అడగాల్సింది ఆమె. ఇందులో భర్త సంతకం ప్రసక్తి లేదు.

మరోవైపు గాలి ఎటు వీస్తోందో కూడా చూడాలి. 2023 నవంబరులో గెజిట్ ప్రచురణల విభాగం ఒక ప్రకటన ఇచ్చింది. పెళ్ళయిన స్త్రీ పుట్టింటి పేరుకు తిరిగి వెళ్ళాలంటే విడాకుల డిక్రీ అయినా, భర్త నుంచి నిరభ్యంతర పత్రమైనా జతచేయాలని దాని సారాంశం. ఒక మహిళ 2024లో దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. కోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. అంటే నన్ను అడిగిన సంతకం ఏదో ఒక గుమాస్తా బుర్రలో పుట్టింది కాదన్నమాట. అది ప్రకటనల్లోకి కూడా ఎక్కింది. భర్త ఇంటిపేరు తీసుకోవటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వదలటానికి మాత్రం విడాకుల డిక్రీయో ఆయన అనుమతో కావాలన్నారు. ఇది సమానత్వం ఎలా అవుతుంది?

ఇప్పుడు మీ పనికి నేరుగా సంబంధించిన విషయానికి వస్తాను. నాలాంటి స్త్రీ సైనికులు మీ దగ్గరికి ఎక్కువమంది రారు. వచ్చేది సైనికుల భార్యలు. నేను రిటైరయ్యాక మా జిల్లాలో కొందరికి కాగితాలు రాసిపెడుతున్నాను. ఒకామె భర్త 1960లలో సైన్యంలో చేరాడు. పెళ్ళయినప్పుడు అత్తగారు ఆమెకు కొత్త పేరు పెట్టింది. భర్త రికార్డులో ఆ పేరు రాయించాడు. ఊళ్ళో అందరూ చిన్నప్పటి పేరుతోనే పిలుస్తారు. ఆధార్‌లో, ఓటరు కార్డులో ఆ పేరే వుంది. ఆయన పోయాక కుటుంబ పింఛను కోసం వెళ్తే, మా రికార్డులో వున్న భార్య మీరు కాదు అన్నారు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని నువ్వు భార్యవి కాదనటం కన్నా అవమానం ఏముంటుంది? ఆ వయసులో ఆమెకు అవమానం కన్నా ఆకలి పెద్ద సమస్య. ఇలాంటివాళ్ళ కేసుల్లో ఏం చెయ్యాలో వరుసగా చెప్తాను.

మొదటిది, భర్త బతికుండగానే చూడండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీ ఊళ్ళో ప్రతి మాజీ సైనికుడి ఇంట్లో డిశ్చార్జి పుస్తకం, పీపీవో తీయించి భార్య పేరు ఎలా వుందో చూడండి. పాత పీపీవోల్లో భార్య పేరే వుండకపోవచ్చు. అప్పుడు భార్యాభర్తలిద్దరి పేర్లతో జాయింట్ నోటిఫికేషన్ చేయించాలి. ఆయన బతికుండగా అది ఒక దరఖాస్తు. ఆయన పోయాక అది ఒక యుద్ధం.

రెండోది, ఎక్కడికి రాయాలో తెలుసుకోండి. జవాన్ల రికార్డులు వాళ్ళ విభాగపు రికార్డు ఆఫీసులో వుంటాయి. ఈఎంఈ, ఆర్డినెన్స్ విభాగాలవి సికింద్రాబాదులోనే వున్నాయి. ఫిరంగి దళానిది నాసిక్‌లో. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్‌లో. పేరు సవరణ రికార్డు ఆఫీసు చేయాలి. దాని ఆధారంగా ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం పీపీవోకు సవరణ ఇస్తుంది. బ్యాంకులో ఎంత పోట్లాడినా లాభం లేదు, వాళ్ళు పై కాగితం లేనిదే మార్చలేరు. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే, వాళ్ళ ముద్ర, ఫార్వార్డింగు ఉత్తరం వుంటాయి. ఒక నకలు మీరు కూడా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

మూడోది, సవరణా, మార్పా తేల్చుకోండి. స్పెల్లింగు తేడా, ఇంటిపేరు ముందు వెనకలు, ఆమె సంతకం లేకుండా పడిన పేరు ఇవి సవరణలు. రెండు పేర్లూ ఒకే మనిషివని మెజిస్ట్రేటు ముందు అఫిడవిట్ చేయించి, పాత పేరు, కొత్త పేరు రెండూ వున్న ఏదైనా పాత కాగితం జతచేయండి. పెళ్ళి ఫోటో, శుభలేఖ, పిల్లల బడి సర్టిఫికెట్టు, భూమి పత్రం ఏదైనా సరే. ఆమె పేరు నిజంగా మార్చుకోదలిస్తేనే గెజిట్ దారి పట్టండి. అఫిడవిట్ రాసే గుమాస్తా అలవాటుగా 'మార్చుకున్నాను' అని రాస్తాడు. చదవకుండా వేలిముద్ర వేయించకండి.

నాలుగోది, పాత పేరున్న కాగితం ఒక్కటి కూడా పారేయనివ్వకండి. ఆమెకు ఆ పేరంటే అసహ్యం కావచ్చు. అయినా రెండు పేర్ల మధ్య వంతెన ఆ కాగితమే.

ఐదోది, జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. సైన్యం ఆ చట్టానికి బయట వుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్ వుంది. 2007 చట్టంతో ఏర్పడింది, 2009 నుంచి పనిచేస్తోంది. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. మాజీ సైనికులే కాదు, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళు కూడా అక్కడికి వెళ్ళవచ్చు. వకీలు ఖర్చు గురించి భయపడేవాళ్ళకు చెప్పండి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ఇవన్నీ ఒక్కొక్క కేసుకు చేసే మరమ్మతులు. మరమ్మతులతో సరిపెట్టుకుంటే మనం గుమాస్తాలుగా మిగిలిపోతాం. అసలు అడగవలసినవి కొన్ని వున్నాయి. స్త్రీ పెళ్ళి వివరం నమోదు చేసేటప్పుడు ఆమె రాతపూర్వకంగా కోరితే తప్ప పేరు ముట్టుకోకూడదు. పేరు ఏ కారణంగా మారినా రికార్డులో పాత పేరు, కొత్త పేరు రెండూ కలిపి చూపాలి, ఏ ఒక్క రోజు సర్వీసూ అనాథ కాకూడదు. ఇంటిపేరు విషయంలో భర్త, మాజీ భర్త, తండ్రి ఎవరి నిరభ్యంతర పత్రమూ అడగకూడదు. 1987 నుంచి సివిల్ ఉద్యోగినులకు వున్న వెసులుబాటు సైన్యంలో పనిచేసే స్త్రీలకూ అంతే సులువుగా అందాలి. దక్షిణాది పేర్లకు సరిపోయే గళ్ళు ఫారాల్లో వుండాలి. పేరు తేలేదాకా పింఛను ఆపకూడదు. వేలిముద్ర, కంటిపాప సరిపోయిన మనిషిని ఒక అక్షరం కోసం పస్తు పెట్టటం అన్యాయం.

2020 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు బబితా పునియా కేసులో స్త్రీ అధికారులకు శాశ్వత కమిషన్ ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు తర్వాత మన ఆడపిల్లలు ఇంకా ఎక్కువమంది యూనిఫారం వేసుకుంటున్నారు. వాళ్ళ ఛాతీ మీద పేరు బిళ్ళ వుంటుంది. ఆ బిళ్ళ మీద ఏం రాయాలో వాళ్ళే చెప్పాలి. అందుకు కావలసిన ఫారం, నియమం ఇప్పుడే సాధిస్తే రేపు వాళ్ళు నాలాగా అరవై ఏళ్ళు వచ్చాక తమ సర్వీసు తమదేనని రుజువు చేసుకోనక్కర్లేదు.

ఈ సమావేశం నుంచి వెళ్ళాక ఒక్కొక్కరు మీ మండలంలో పది మాజీ సైనికుల ఇళ్ళకు వెళ్ళి ఆ పీపీవోలు తీయించి చూడండి. భార్య పేరు ఎలా వుందో రాసుకుని రండి. ఎన్నింటిలో తప్పు వుందో లెక్క తేలితే, వచ్చే సమావేశానికి మన దగ్గర వినతిపత్రం బదులు సాక్ష్యం వుంటుంది.